పాత లెటర్‌హెడ్ మీది తెలుగు అక్షరాలను శుభ్రమైన వెక్టర్‌గా మార్చుకోవడం ఎలా?

తాతగారి నాటి బట్టల దుకాణం లెటర్‌హెడ్‌ను 200 డీపీఐలో (అంగుళానికి 200 పిక్సెళ్ల చొప్పున) స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాంలో ట్రేస్ బిట్‌మ్యాప్ (బొమ్మను వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా చెదరని గీతలుగా, మార్చే ఆదేశం) చేస్తే అక్షరాల అంచులు గరుకుగా వచ్చాయనీ, వందల కొద్దీ నోడ్లు (గీత వంపును నిర్ణయించే బిందువులు) పడ్డాయనీ, మరకలు పోవడానికి స్పెకిల్స్ విలువను 25కు పెంచగానే పేరులోని థ కాస్తా ధ అయిపోయిందనీ, బోర్డుకు వినైల్ కట్ చేసేవారు ఆ ఫైలు పనికిరాదన్నారనీ మీరు రాశారు. విజయవాడలో స్క్రీన్ ప్రింటింగ్‌కూ వినైల్ కటింగ్‌కూ డిజైన్లు సిద్ధం చేయడమే నా వృత్తి కనుక ఇలాంటి పాత కాగితాలు నా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. ట్రేస్ సెట్టింగులతో కుస్తీ పట్టడం కంటే, స్కాన్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టి, అక్షరాలను దానిపైన చేత్తో గీసుకోవడమే మేలని నా అనుభవం చెబుతోంది.

ముందుగా థ సంగతి చూద్దాం. ఇంక్‌స్కేప్ ట్రేసింగ్‌కు ఆధారమైన పోట్రేస్ అనే ప్రోగ్రాంను పీటర్ సెలింగర్ 2001లో విడుదల చేశారు. దానికి బూడిద రంగు ఛాయలతో సంబంధం లేదు. ప్రతి పిక్సెల్ నలుపో తెలుపో అయి ఉండాలి, ఆ రెండింటి సరిహద్దు వెంబడే అది వంపులు గీస్తుంది. స్పెకిల్స్ అనే సెట్టింగు, మీరు చెప్పిన పరిమాణం వరకు ఉన్న విడి మచ్చలన్నిటినీ తీసేస్తుంది. థ కడుపులోని చుక్క అరమిల్లీమీటరు వెడల్పు ఉంటే, 200 డీపీఐలో దాని వైశాల్యం దాదాపు 12 పిక్సెళ్లు మాత్రమే కాబట్టి ప్రోగ్రాం దృష్టిలో అది కూడా ఒక మరకే. అదే చుక్క 600 డీపీఐలో సుమారు 110 పిక్సెళ్లు అవుతుంది. చుక్క పోతే ఠ కూడా ర అయిపోయే ప్రమాదం ఇలాగే పొంచి ఉంటుంది. అందుకే మరకలను ట్రేసింగ్‌లో కాకుండా, అంతకుముందే గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో కంటితో చూసుకుంటూ చెరిపేయాలని గట్టిగా చెబుతాను.

స్కాన్‌ను 600 డీపీఐలో, రంగుల్లోనే చేసి, టిఫ్‌గానో పీఎన్‌జీగానో భద్రపరచండి. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కనుక నల్లని అక్షరాల చుట్టూ సన్నని మసక మిగులుతుంది; ట్రేసింగ్‌లో అదే గరుకుగా మారుతుంది. రంగులు ఎందుకంటే, కాగితం పసుపుబారి ఉన్నా, అక్షరాల మీద ఎర్రని ముద్ర పడి ఉన్నా, ఎరుపు ఛానల్‌ను (బొమ్మలోని ఎరుపు కాంతి పాలును) మాత్రమే విడదీసుకుంటే ఆ పసుపూ ఆ ఎరుపూ చాలావరకు తేలిపోయి నల్ల సిరా ఒక్కటే నిలుస్తుంది. ఆ తర్వాత బొమ్మను రెండింతలు పెంచి, అప్పుడే థ్రెషోల్డ్ వేయండి, అంటే ఒక హద్దు పెట్టి ప్రతి పిక్సెల్‌నూ నలుపుగానో తెలుపుగానో మార్చండి. అక్షరం అంచున ఉన్న బూడిద పిక్సెళ్లలోనే గీత నిజంగా ఎక్కడ ఆగిందన్న సమాచారం దాగి ఉంటుంది. పెంచకుండా నలుపు తెలుపు చేస్తే అది పోయి మెట్లు మెట్లుగా మిగులుతుంది. థ్రెషోల్డ్ ఎంచుకునేటప్పుడు ప అక్షరాన్ని గమనించండి. తలకట్టుకూ కింది గిన్నెకూ మధ్య ఉన్న సన్నని సందు పూడిపోతే నలుపు ఎక్కువైందని అర్థం. ఒత్తుల సన్నని కొసలు తెగిపోతే తక్కువైందని అర్థం.

ఇక్కడితో ఆపి ట్రేస్ చేసినా మీకు ఇప్పటికంటే చాలా మంచి ఫలితమే వస్తుంది, చిన్న స్టిక్కర్‌కు అది సరిపోతుంది కూడా. కానీ దుకాణం బోర్డుకు సరిపోదు. తెలుగు అక్షరం దాదాపు అంతా వంపులే. అరచేతి వెడల్పు అక్షరంలో కనిపించని చిన్న సొట్ట, రెండడుగుల అక్షరంలో దారిన పోయేవారికీ కనిపిస్తుంది. పైగా నోడ్లు దట్టంగా ఉన్నచోట ప్లాటర్ (వినైల్ కోసే యంత్రం) బ్లేడు అడుగడుగునా తడబడి అంచును చీలుస్తుంది, మీ వినైల్ వారి అభ్యంతరం బహుశా అదే. ఇంక్‌స్కేప్‌లో సింప్లిఫై ఆదేశం నొక్కితే నోడ్లు తగ్గుతాయి గానీ, దానితోపాటు మూలల పదునూ పోతుంది.

అందువల్ల స్కాన్‌ను కింది పొరలో లేతగా పెట్టి, తాళం వేసి, ఇంక్‌స్కేప్‌లోని బెజియర్ పెన్‌తో (నోడ్లు పెట్టి వంపులు గీసే పనిముట్టుతో) పైన గీయండి. వృత్తానికి నాలుగు నోడ్లు చాలు కదా, అక్షరానికీ అదే సూత్రం: వంపు పూర్తిగా ఎడమకు, కుడికి, పైకి, కిందికి వెళ్లిన చోట్లలోనే నోడ్ పెట్టి, దాని హ్యాండిళ్లను (వంపును సర్దే పిడులను) నిటారుగానో అడ్డంగానో ఉంచాలి. ర లోని గుండ్రనాన్ని ఇలా గీసి చూడండి. లోపలి అంచుకు నాలుగు, బయటి అంచుకు నాలుగు నోడ్లు పెట్టగానే వంపు దానంతట అదే నునుపుగా సాగుతుంది. తలకట్టు మొదలయ్యే చోట మాత్రం పదునైన నోడ్ కావాలి.

ఒకే అక్షరం పేరులో రెండుసార్లు వస్తే కాపీ చేయవచ్చా అన్నది అది ఎలా అచ్చయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. సీసపు అక్షరాలతో కూర్చినదైతే అవి ఒకే పోతలోవి కాబట్టి, సిరా తక్కువగా పాకిన అక్షరాన్ని ఎంచుకుని రెండుచోట్లా వాడండి. చిత్రకారుడు చేత్తో రాస్తే బ్లాకు చేయించినదైతే మాత్రం దయచేసి అలా చేయకండి; ఆ రెండింటి మధ్య ఉన్న చిన్న తేడాలు ఆయన చేతివి, వాటిని చెరిపేసే హక్కు మనకు లేదని నేను నమ్ముతాను.

గీయడం పూర్తయ్యాక అసలు కొలతలోనే ప్రింట్ తీసి, లెటర్‌హెడ్ మీద పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి చూడండి. ఎక్కడైనా అంచు తప్పితే ఆ ఒక్క నోడ్‌నే జరపవచ్చు. అన్నీ కలిశాక గీతలు ఏవైనా స్ట్రోక్‌గా (మందం మాత్రమే ఇచ్చిన గీతగా) మిగిలి ఉంటే పాత్‌గా (అంచులున్న ఆకారంగా) మార్చి, వినైల్ వారికి పీడీఎఫ్, ఎస్‌వీజీ రెండూ ఇవ్వండి.