బండ లాగే గిత్తలను కన్న ఆవును అమ్మేయాలా? గుర్రపు బండి పందేల తల్లి గుర్రాల లెక్క ఏం చెబుతోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రకాశం జిల్లా. మా దగ్గర పదకొండేళ్ళ ఒంగోలు ఆవు ఉంది. ఐదు ఈతల్లో మూడు కోడెలు, రెండు పెయ్యలు. కోడెల్లో రెండు బండలాగుడు పందేల్లో పేరు తెచ్చుకున్నాయి. ఆ రెండింటికీ తండ్రులు వేరు. పెయ్యల్లో పెద్దదాన్ని నాలుగేళ్ళ కిందట పక్క ఊరికి అమ్మాను. చిన్నది ఇంట్లోనే ఉంది, ఇంకా చూడి కాలేదు. ఇప్పుడు ఆవునూ పెయ్యనూ కలిపి మంచి రేటుకు అడుగుతున్నారు. గొప్పంతా ఆంబోతు విత్తనంలోనే ఉంటుంది, అమ్మెయ్యమని మా బావ అంటున్నాడు. మొన్న మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు మెడోలాండ్స్‌లో గుర్రపు బండి పందేలు చూశాను. అక్కడ ఒకాయన గుర్రప్పిల్లల వేలం పుస్తకం చూపించాడు. పేజీలో తండ్రి గురించి కొంచెమే ఉంది, మిగతా అంతా తల్లి, అమ్మమ్మ, ముత్తవ్వల గురించే. ఎందుకలా? నేను ఆవును అమ్మాలా, ఉంచాలా? ఇంట్లో ఉన్న పెయ్యను దాని అన్న గిత్తకే దాటిస్తే బలం రెట్టింపవుతుందా?

జవాబు: ముందుగా చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఈలోపు ఆ పని చేసేస్తారేమోనని నా భయం. అన్న గిత్తకు చెల్లెలు పెయ్యను దాటించకండి. కారణం కింద రాస్తాను. పెయ్యను ఏ రేటుకూ అమ్మకండి. ఆవు సంగతి తేల్చే ముందు మీరు కొన్ని వివరాలు రాబట్టాలి.

మీరు చూసిన ఆ పుస్తకం చాలా మంచి ఉదాహరణ. ఆ పందేల్లో పరిగెత్తేవి స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలు. రెండు చక్రాల తేలిక బండి కట్టి, మీద మనిషి కూర్చుని తోలతాడు. నాలుగు కాళ్ళ దౌడు తీయకూడదు. ట్రాటింగ్ అయితే ముందు కుడి కాలు, వెనక ఎడమ కాలు కలిసి పడాలి. పేసింగ్ అయితే ఒక పక్క కాళ్ళు రెండూ కలిసి కదలాలి. నడక తప్పి దౌడులో పడితే తోలేవాడు వెంటనే వెనక్కి లాగి సరిచేయాలి, ఆ లోపల పందెం చేజారుతుంది.

వేలం పేజీలో ఒక్కో గుర్రం పేరు పక్కన '3, 1:52.4' లాంటి గుర్తు గమనించే ఉంటారు. మూడేళ్ళ వయసులో మైలు దూరాన్ని 1 నిమిషం 52 సెకన్ల మీద సెకనులో నాలుగు అయిదో వంతుల్లో పరిగెత్తిందని అర్థం. ముందు 'పీ' అక్షరం ఉంటే అది పేసింగ్‌లో వచ్చిన సమయం. తల్లి పేరు కింద ఆమె పిల్లలు, వాటి సమయాలు, గెలిచిన సొమ్ము. దాని కింద అమ్మమ్మ, ఆమె పిల్లలు. ఆ కింద ముత్తవ్వ.

తండ్రికి తక్కువ చోటు ఇవ్వడానికి కారణం తండ్రి తక్కువని కాదు. అదే తండ్రికి పుట్టిన పిల్లలు అదే వేలంలో ఇంకా ఎన్నో ఉంటాయి. ఆ పోతు గుర్రం గుణం కొనేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. ఒకే తండ్రి పిల్లల్లో ఒకటి ఎక్కువ ధర, ఇంకొకటి తక్కువ ధర పలకాలంటే తేడా తల్లి దగ్గరే తేలాలి. అందుకే పేజీ అంతా ఆమెది.

మీ బావగారు చెప్పినదాంట్లో కనబడే నిజం కొంత ఉంది. ఆంబోతుకు వందల దూడలు పుడతాయి, కనక దాని మంచీ చెడూ ఊరంతటికీ తెలుస్తాయి. ఆవుకు జీవితంలో ఏడెనిమిది దూడలు, అందులోనూ సగం పెయ్యలు. పేరు ఆంబోతుకే వస్తుంది. కానీ దూడ ఒంట్లోని వారసత్వం తండ్రిది సగం, తల్లిది సగం. అది కాక తల్లి వైపు ఇంకో రెండు కలుస్తాయి. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది. రెండోది గర్భసంచి. 1938లో కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలనూ చిన్న షెట్లాండ్ పోనీలనూ రెండు వైపులా సంకరం చేసి చూశారు. రెండు రకాల పిల్లలకూ వారసత్వం ఒకటే, షైర్ సగం, షెట్లాండ్ సగం. అయినా షైర్ తల్లి కడుపున పుట్టిన పిల్ల, పోనీ తల్లి కడుపున పుట్టినదానికి దాదాపు మూడు రెట్ల బరువుంది. ఆ తేడా తల్లి కడుపులోని చోటుదీ, అందిన మేతదీ.

ఇప్పుడు ఆ జాతి తొలి తల్లుల సంగతి. మెడోలాండ్స్‌లో ఏటా జరిగే పెద్ద పందెం హాంబుల్టోనియన్. ఆ పేరు 1849లో న్యూయార్క్ రాష్ట్రం ఆరెంజ్ కౌంటీలో పుట్టిన పోతు గుర్రానిది. దాని తల్లి ఒక కుంటి గుర్రం. ఆమెకు సొంత పేరు కూడా మిగల్లేదు, పాత యజమాని పేరుతో 'చార్లెస్ కెంట్ గారి ఆడగుర్రం' అనే చరిత్రలో రాసుకున్నారు. విలియం రైస్‌డిక్ అనే పాలేరు తన ఆసామి దగ్గర తల్లినీ పిల్లనూ కలిపి 125 డాలర్లకు కొన్నాడు. ఆ పిల్ల పెద్దదై 1,331 పిల్లలకు తండ్రయింది. నేటి స్టాండర్డ్‌బ్రెడ్ గుర్రాలు దాదాపు అన్నీ దాని సంతతే. కుంటి తల్లిని చూసి పిల్లను వదిలేసి ఉంటే ఆ కథే లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసే తల్లి మాత్రం గ్రీన్ మౌంటెన్ మెయిడ్. 1862లో పుట్టి, న్యూయార్క్‌లోని స్టోనీ ఫోర్డ్ ఫారంలో బతికింది. తను ఒక్క పందెంలోనూ దిగలేదు. కానీ ఆమె పదహారు పిల్లల్లో సగానికి పైగా మైలును 2 నిమిషాల 30 సెకన్ల లోపు ట్రాట్ చేశాయి. అప్పట్లో అది గొప్ప గుర్రానికి గీటురాయి. ఆమె కొడుకు ఎలక్షనీర్‌ను 1876లో ధనవంతుడైన లీలండ్ స్టాన్‌ఫోర్డ్ కాలిఫోర్నియాలోని తన పాలో ఆల్టో ఫారానికి కొనుక్కుపోయాడు. ఎలక్షనీర్ కూతురు సునోల్ 1891లో 2 నిమిషాల 8¼ సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. పందెం ముఖం చూడని ఆ తల్లికి స్టోనీ ఫోర్డ్‌లో స్మారక స్తంభం కట్టారు.

ఆమెకు ఆ గౌరవం ఎలా దక్కిందో చూడండి. 1879లో అమెరికన్ ట్రాటింగ్ గుర్రాల పెంపకందార్లు ఏ గుర్రాన్ని ప్రమాణం దాటినదిగా నమోదు చేయాలో నియమాలు పెట్టుకున్నారు. స్టాండర్డ్‌బ్రెడ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. సొంతంగా 2:30 సాధించిన ఆడగుర్రానికి నమోదు సరే. దానితోపాటు, 2:30 సాధించిన పిల్లను కన్న ఏ ఆడగుర్రమైనా తను పరిగెత్తకపోయినా ప్రమాణం దాటినట్టే అని ఒక నియమం రాశారు. పిల్లల పనితనాన్ని బట్టి తల్లికి పట్టా ఇచ్చారన్నమాట. మన ఒంగోలు జాతికి అలాంటి రికార్డు ఊరూరా ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. మనకు గిత్త పేరూ యజమాని పేరూ మైకులో వినబడతాయి. దాన్ని కన్న ఆవు ఎవరిదో అడిగేవాళ్ళు అరుదు.

స్వయంగా ఛాంపియన్లయి, తర్వాత తల్లులుగానూ నిలిచినవి ఫ్రాన్స్‌లో కనిపిస్తాయి. పారిస్ దగ్గర విన్సెన్స్ మైదానంలో ప్రీ దామెరిక్ అక్కడి అతిపెద్ద ట్రాటింగ్ పందెం. యురానీ అనే ఆడగుర్రం 1926, 1927, 1928లో వరసగా గెలిచింది. ఆమె కొడుకు కైరోస్ పేరున్న విత్తన గుర్రమైంది. కైరోస్ కూతురు జెలినోత్ అదే పందెం 1956, 1957లో గెలిచింది. అలాగే రోకెపీన్ 1966, 1967, 1968లో మూడుసార్లూ గెలిచింది. అమెరికన్ పోతు స్టార్స్ ప్రైడ్‌తో ఆమెకు పుట్టిన ఫ్లోరెస్తాన్ ఫ్రాన్స్ మేలి విత్తన గుర్రాల్లో ఒకటిగా నిలిచింది. యురానీ వంశంలో పేరు ఎలా నడిచిందో గమనించండి. తల్లి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవరాలికి. మధ్యలో ఎవరు ఎవరి బిడ్డో రాసిపెట్టకపోతే ఆ దారం తెగిపోయేది.

ఇవన్నీ గెలిచిన కథలు. పేరున్న తల్లికి పుట్టి ఏమీ సాధించని పిల్లలు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. ఎంత గొప్ప తల్లి పిల్లలైనా సగటున ఆమె స్థాయికి కొంచెం కిందనే ఉంటాయి, ఇది జన్యుశాస్త్రంలో మామూలు సంగతి. పైగా పేరొచ్చిన తల్లికి మేలైన పోతునే కలుపుతారు, పిల్లకు మేలైన మేతే పెడతారు. ఆ భాగాన్ని కూడా తల్లి ఖాతాలో వేసుకుంటే లెక్క తప్పుతుంది.

ఇక మీ ఆవు. పందెం గిత్తలు రెండింటికీ తండ్రులు వేరని రాశారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన మాట అదే. ఇద్దరూ ఒకే ఆంబోతు కొడుకులైతే గొప్ప ఎవరిదో విడదీయలేం. తండ్రులు మారినా కొడుకులు బాగున్నారంటే తల్లి వైపు మొగ్గు పెరుగుతుంది. అయితే మూడో కోడె ఏమైందో మీరు రాయలేదు. సేద్యానికి పోయిందా, కాళ్ళు వంకరా, లేక ఎవరూ పందేనికి తయారు చేయలేదా? మూడింట రెండు అనే మాటకు అర్థం ఆ మూడోదాని మీదే ఉంది.

ఇంకో చిక్కు ఉంది. అక్కడ బండికి ఒక్కటే గుర్రం, గడియారంలో పడేది దాని సమయమే. మన బండ లాగేది జత. ఎన్ని అడుగులు లాగారన్నది జతకు వచ్చిన ఫలితం. మంచి జోడీ పక్కన కట్టిన మామూలు గిత్తకు కూడా పేరొస్తుంది. కాబట్టి మీ గిత్తలు రెండూ ఏ ఏ జోడీతో, ఏ విభాగంలో, (పళ్ళ లెక్కన వయసు) రెండు పళ్ళప్పుడా, నాలుగు పళ్ళప్పుడా, ఎంత బరువు బండను, ఎన్ని నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో వాటిని పందేనికి కట్టినవాళ్ళ దగ్గర అడిగి రాయండి. జోడీ మారినా ఫలితం నిలబడితే అది ఆ గిత్త సొంతం.

అన్నాచెల్లెళ్ళ సంగతి. తల్లి ఒకటై తండ్రులు వేరైన జంటకు పుట్టే దూడలో దగ్గరి రక్తం వాటా 12.5 శాతం. తండ్రి కూడా ఒకటే అయితే 25 శాతం. దానివల్ల మంచి గుణం రెట్టింపు కావడం కన్నా దాగి ఉన్న లోపాలు బయటపడడమే ఎక్కువ. ఈసుకుపోవడం (గర్భం జారిపోవడం), బలహీనమైన దూడలు, ఆలస్యంగా ఎదకు రావడం చూడాల్సి వస్తుంది. హాంబుల్టోనియన్ వంశంలోనూ మెసెంజర్ అనే గుర్రం తండ్రి వైపూ తల్లి వైపూ కనిపిస్తుంది కదా అని గుర్రాలు తెలిసినవాళ్ళు అడగవచ్చు. అక్కడ ఆ పేరు మూడో తరంలో ఒకసారి, నాలుగో తరంలో రెండుసార్లు వస్తుంది. హాంబుల్టోనియన్ అన్నాచెల్లెళ్ళ కలయికకు పుట్టినది కాదు. ఆ జాతిలో రక్తం మరీ దగ్గరవుతోందని అమెరికన్ ట్రాటింగ్ సంఘం 2009 నుంచి కొత్తగా వచ్చిన పోతుకు ఏడాదికి 140 ఆడగుర్రాలకు మించి కట్టకూడదని పరిమితి పెట్టింది. వాళ్ళే తగ్గించుకుంటున్న పనిని మనం ఇంట్లో మొదలుపెట్టనక్కర్లేదు.

పెయ్యకు మీ ఆవుతో చుట్టరికం లేని, తల్లి ఎవరో తెలిసిన ఒంగోలు ఆంబోతును చూడండి, లేదా కృత్రిమ గర్భధారణ చేయించండి. చేయించినప్పుడు వీర్యం నింపిన స్ట్రా (సన్నని గొట్టం) మీద అచ్చువేసి ఉండే ఆంబోతు నెంబరును అక్కడికక్కడే, తేదీతో సహా రాసుకోండి. స్ట్రా చెత్తలో పడిందంటే దూడ తండ్రి పేరు కూడా పోయినట్టే. ఈలోపు గర్భం జారిపోయేలా చేసే బ్రూసెల్లా రోగానికి పరీక్ష చేయించండి. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. పెయ్య సరైన బరువు రాకముందే తొందరపడి కట్టిస్తే తొలి ఈతలో కష్టపడుతుంది. ఈనాక దూడకు మొదటి గంటలోనే జున్నుపాలు మొదలుపెట్టాలి. మాయ పడేదాకా ఆగుదామనే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉంది. దయచేసి ఆగకండి.

ఆవుకు పదకొండేళ్ళు. సక్రమంగా ఎదకు వస్తూ, పొదుగు, గిట్టలు బాగుంటే ఇంకో రెండు మూడు ఈతలు ఆశించవచ్చు. అది మీ ఊరి డాక్టరు చెయ్యి పెట్టి చూసి చెప్పాల్సిన మాట. గర్భసంచి బాగుందంటే అమ్మకండి. పిండ మార్పిడి (ఒక ఆవు పిండాన్ని వేరే ఆవు గర్భంలో పెంచడం) గురించి గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన కేంద్రంలో అడగండి. ఒంగోలు జాతిలో అక్కడ ఆ పద్ధతిలో దూడలు పుట్టించారు. గర్భం నిలవదని తేలితే మాత్రం నచ్చిన ధరకు ఇచ్చేయవచ్చు, పెయ్య మీ దగ్గరే ఉంది కాబట్టి.

పక్క ఊరికి అమ్మిన పెద్ద పెయ్యను కూడా ఒకసారి చూసిరండి. నాలుగేళ్ళయింది, ఈని ఉండాలి. దాని చెవి ట్యాగు మీది 12 అంకెల నెంబరు, ఎన్ని ఈతలు, దూడలు మగవా ఆడవా, వాటి తండ్రులెవరు, కోడెలుంటే ఎలా ఉన్నాయి, ఇవి రాసుకుని నాకు పంపండి. దాని కోడె ఏదైనా రెండు పళ్ళ వయసుకు దగ్గరవుతుంటే కాళ్ళూ మూపురమూ కనబడేలా పక్కనుంచి తీసిన ఫొటో కూడా జత చేయండి. కూతురి పిల్లలు ఎలా ఉన్నాయో తెలిస్తే, మీ ఆవు విషయంలో ఇంతకంటే గట్టిగా చెప్పగలను.