మూడేళ్ల బాండ్ ఉన్న ఫీడ్ కంపెనీ నుంచి మధ్యలో మానేయొచ్చా?

మీరు రాసింది ఒకసారి చెప్పుకుందాం. ఫిషరీస్ డిప్లొమా చేసి భీమవరంలో రొయ్యల ఫీడ్ (మేత) కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేరారు. మూడేళ్ల బాండ్‌లో ఏడాదిన్నర అయింది. ముందే మానేస్తే 2 లక్షలు కట్టాలి. మానేశాక రెండేళ్లపాటు ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఏ ఆక్వా కంపెనీలోనూ చేరకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు వాళ్ల దగ్గరున్నాయి. ఇప్పుడు ఇంకో ఫీడ్ కంపెనీ రమ్మంటోంది. మానేస్తే రావాల్సిన జీతం బకాయి సంగతేంటని కూడా అడిగారు.

నేనూ ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టి పనిచేసి, గడువు తీరకముందే బయటికి వచ్చినవాణ్ణి. మీ ప్రశ్న కింద చాలామంది "బాండ్‌లు చెల్లవులే, రేపే మానేయ్" అని రాశారు. అంత తేలిగ్గా తీసుకోకండి. అలాగని భయపడి కూర్చోవాల్సిన పనీ లేదు. మీ కాగితంలో ఉన్నది ఒక్క షరతు కాదు, నాలుగు వేర్వేరు ముడులు. దేని సంగతి దానిదే.

ముందు ఆ రెండేళ్ల నిషేధం. ఇది చూడ్డానికే భయంకరం, నిజానికి అన్నిటికన్నా బలహీనం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద ఆయన పాత మేనేజ్‌మెంట్ కంపెనీ వేసిన కేసులో, ఒప్పందం గడువు ముగిశాక కూడా ఆంక్షలు పెట్టడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. రొయ్యల పని తప్ప వేరే చదువు లేనివాణ్ణి ఈ మూడు జిల్లాల్లో పనిచేయొద్దంటే ఇంకెక్కడికి పోతాడండీ? స్టాంపు పేపరు మీద రాసినంత మాత్రాన చెల్లని షరతు చెల్లుబాటు అయిపోదు.

అయితే ఒక మెలిక ఉంది, దీన్ని ఎవరూ చెప్పడం లేదు. నిషేధం చెల్లనిది ఒప్పంద కాలం అయిపోయాక. ఒప్పందం నడుస్తుండగా పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతును కోర్టులు గౌరవించిన సందర్భాలున్నాయి. 1967లో సెంచరీ స్పిన్నింగ్ కేసులో అదే జరిగింది. ఐదేళ్ల ఒప్పందం మీద చేరిన షిఫ్టు సూపర్‌వైజరు మధ్యలో పోటీ కంపెనీకి వెళ్తే, మిగిలిన కాలానికి ఆయన్ని ఆపడం సబబేనంది సుప్రీంకోర్టు. అక్కడ ఆయన విదేశీ కంపెనీ నుంచి వచ్చిన తయారీ రహస్యాలు నేర్చుకున్నాడు. మీరు చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం) చూసి మేత ఎంత వేయాలో చెప్పే పనిలో ఉన్నారు, తేడా చాలా ఉంది. అయినా మీకు ఇంకా ఏడాదిన్నర మిగిలి ఉంది, వెళ్లబోయేది కూడా ఫీడ్ కంపెనీకే. కాబట్టి మీ కాగితంలో నోటీసు గురించి ఏం రాశారో చూడండి. "ఇరువైపులా ఒక నెల నోటీసుతో ముగించవచ్చు" అని ఉంటే మీ వాదన బాగా గట్టిపడుతుంది. చాలా బాండ్‌లలో ఈ వాక్యం ఎక్కడో మూలన ఉంటుంది, రాసినవాళ్లకే గుర్తుండదు.

ఇక 2 లక్షలు. "ఇది వెట్టిచాకిరీ, చెల్లదు" అనేవాళ్లు 2025 మే నెలలో వచ్చిన విజయా బ్యాంకు తీర్పు చూడాలి. మూడేళ్లు నిండకుండా వెళ్లిపోయిన అధికారి 2 లక్షలు కట్టాలన్న షరతు సరైనదేనని సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అక్కడ ప్రభుత్వ రంగ బ్యాంకు దేశమంతా ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి మనుషుల్ని తీసుకోవాలి, ఆ ఖర్చూ కాలయాపనా కోర్టు లెక్కలోకి తీసుకుంది. మనల్ని తీసుకోవడానికి కంపెనీ ఏం ఖర్చు పెట్టింది? నా సంగతైతే కొద్దిరోజులు ఒక గదిలో కూర్చోబెట్టి తమ ప్రోబయోటిక్స్ (చెరువుకి వాడే మేలు చేసే సూక్ష్మజీవుల మందులు) పేర్లు చెప్పారు, తర్వాత ఒక సీనియర్ బండి వెనక కూర్చోబెట్టి ఆకివీడు, ఉండి, కాళ్ల అనే ఊళ్ల వైపు చెరువులు తిప్పారు. అదే ట్రైనింగ్. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండ్‌లో రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నేను ఉత్తరంలో ఒకే మాట అడిగాను: "నా శిక్షణకు మీరు పెట్టిన ఖర్చు వివరాలు, బిల్లులతో ఇవ్వండి." ఆ వివరాలు ఈరోజుకీ రాలేదు. చివరికి నోటీసులో తగ్గిన రోజులకు జీతం కోసుకుని వదిలేశారు.

చెక్కుల విషయంలో మాత్రం జాగ్రత్త. అన్నిటికన్నా పదునైనది ఇదే. ఖాళీ చెక్కు అయినా సంతకం మీదే అయితే, బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందు అనుకుంటుంది, కాదని చూపించాల్సింది మీరు. బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టినంత మాత్రాన 138 సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు నుంచి తప్పించుకోలేరు. అందుకని రాజీనామాతో పాటే ఇంకో ఉత్తరం పెట్టండి: ఫలానా నంబర్ల చెక్కులు ఉద్యోగంలో చేరేటప్పుడు హామీగా ఖాళీగా తీసుకున్నారు, నేను మీకు ఏ బాకీ లేను, తిరిగి ఇవ్వండి అని. చెక్కుబుక్కులో మిగిలిన నంబర్లు చూస్తే ఏవి ఇచ్చారో తెలిసిపోతుంది. ఎప్పుడైనా చెక్కు బౌన్స్ నోటీసు వస్తే డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది, అప్పుడు ఆలస్యం చేయకుండా లాయరుతో జవాబు ఇప్పించండి.

సర్టిఫికెట్లు మీవి. పట్టి ఉంచుకునే హక్కు వాళ్లకు లేదు. "హెడ్ ఆఫీసులో ఉన్నాయి, సార్ ఊళ్లో లేరు" అంటూ తిప్పుతారు. నోటితో అడగడం మానేసి మెయిల్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ అడగండి. నాకు ఉత్తరాలతో పని కాలేదు. కోర్టు దగ్గరుండే మండల న్యాయ సేవాధికార కమిటీలో అర్జీ పెడితే, అక్కడి నుంచి పిలుపు వెళ్లాకే కవరు బయటికొచ్చింది. జిల్లా, మండల స్థాయిల్లో ఈ సేవ ఉంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇప్పటిదాకా చట్టం. మన గోదావరి జిల్లాల్లో అసలు ఒత్తిడి వచ్చేది అటునుంచి కాదు. నేను మానేస్తానన్న మాట ఎలాగో మేనేజరు చెవిన పడింది. నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. మా బాబాయికి వచ్చింది, అదీ మేత అప్పు ఇచ్చే డీలరు నుంచి. మా బాబాయి మొగల్తూరు వైపు చెరువులు లీజుకి చేస్తాడు. పంట సగంలో ఉంది. మేత బస్తాలు ఖాతా మీద వస్తాయి, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక లెక్క తేలుతుంది. డీలరు కొట్లో కూర్చోబెట్టి టీ ఇప్పించి, "మీవాడికి కాస్త చెప్పండి, లేకపోతే రేపటి నుంచి మనకి నగదు లెక్కే అయిపోద్ది" అన్నాడట. ఈ షరతు ఏ బాండ్‌లోనూ ఉండదు. దీన్ని ఏ సెక్షనూ ఆపలేదు. రొయ్య నీళ్లలో ఉండగా మేత ఆగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

నేను చేసింది ఒక్కటే: ఆగాను. పట్టుబడి అయ్యి, బాబాయి ఖాతా మొత్తం తేల్చి, డీలరు చేత లెక్క ముగిసినట్టు రాయించుకున్నాకే రాజీనామా ఇచ్చాను. మీ ఇంట్లో, చుట్టాల్లో ఎవరికైనా మీ కంపెనీ మేత ఖాతా ఉందా? ఉంటే తేదీ నిర్ణయించాల్సింది ఆఫర్ లెటర్ కాదు, ఆ చెరువు. కొత్త కంపెనీని ఒక నెల ఆగమంటే ఆగుతారు, వాళ్లకీ పంట లెక్కలు తెలుసు.

ఇంకో సంగతి. ఈ బాండ్‌లు ట్రైనింగ్ ఖర్చు కోసం పెట్టేవి కావని నా నమ్మకం. కంపెనీ కాపాడుకునేది రైతుల్ని. ఇంటర్వ్యూలో "మీతో ఎంతమంది రైతులు వస్తారు?" అని కొత్త కంపెనీవాళ్లే అడుగుతారు, మిమ్మల్నీ అడిగే ఉంటారు. అక్కడ నోరు అదుపులో పెట్టుకోండి. రైతుల జాబితా, ఏ చెరువుకి ఎంత మేత, ఎంత డిస్కౌంట్ అనే వివరాలు మీ ఫోన్లో ఉంటే తీసుకెళ్లొద్దు. ఆ నిషేధం చెల్లకపోయినా, కంపెనీ వివరాలు పట్టుకుపోయారన్న కేసు వేరు, అది నిలబడొచ్చు. రైతు తానే ఫోన్ చేసి సలహా అడిగితే అది వేరే సంగతి. నాకు ఇప్పటికీ ఫోన్లు వస్తాయి, రాత్రి ఏరేటర్ (చెరువు నీటికి గాలి అందించే యంత్రం) ఆగిపోయిందని కూడా.

వెళ్లేరోజు పీహెచ్ మీటరు, డీవో మీటరు (నీటిలో ఆక్సిజన్ కొలిచేది), రిఫ్రాక్టోమీటరు (ఉప్పదనం కొలిచేది), బండి తాళం, చెరువుల రిజిస్టరు అన్నీ అప్పగించి, ఒక్కో వస్తువూ రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. డీవో మీటరు ప్రోబ్ పనిచేస్తోందని వాళ్ల ముందే నీళ్లలో పెట్టి రీడింగ్ చూపించండి. నా తర్వాత మానేసిన కుర్రాడి దగ్గర ప్రోబ్ పాడైందంటూ డబ్బులు కోశారు.

జీతం బకాయి గురించి అడిగారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకు రెండు పని రోజుల్లో ఇచ్చేయాలి. ఆచరణలో అంత వేగం ఆశించకండి, కానీ ఉత్తరంలో ఆ మాట రాయండి. పీఎఫ్‌లో వాళ్లు మీరు మానేసిన తేదీ వేయకపోతే, చివరి జమ అయిన రెండు నెలల తర్వాత యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా నంబరు) పోర్టల్లో మీరే వేసుకోవచ్చు. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు పనిచేస్తుండాలి, కంపెనీ ఇచ్చిన సిమ్ము లింకు చేసి ఉంటే అది తిరిగి ఇచ్చే ముందే మార్చుకోండి.