‘ఇంకో చిన్న విషయం’ చిన్నది కాదు

నాకు 36 ఏళ్లు. అమ్మ నా ఆరో ఏటే పోయింది. పెద్దమ్మ పెంచింది, కూచిపూడి నేర్పింది. ఆవిడ నాట్యకేంద్రంలోనే ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను. ఏడాదిగా కుడి మోకాలు పోటు. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ. మావారు స్టేజీ మానేసి ఏదైనా స్కూల్లో డాన్స్ టీచరుగా చేరమంటున్నారు. చేరితే ఇన్నేళ్ల సాధన బూడిదలో పోసిన పన్నీరవుతుందని భయం. చేరనా, వద్దా? ఇంకో చిన్న విషయం. ఎనిమిదేళ్లుగా మా బృందం వేసిన ఆరు నృత్యరూపకాలకూ కొరియోగ్రఫీ నాదే. నాకు జీతమంటూ లేదు, పండగకు చీర పెడతారు. కరపత్రాల్లో పెద్దమ్మ పేరే వేసేవాళ్లం. ఈసారి విదేశం నుంచి తిరిగొచ్చిన అక్క, అంటే పెద్దమ్మ కూతురి పేరు వేశారు. అడగడానికి నోరు రాలేదు.
– ఒక చెల్లెలు

చెల్లెమ్మా, స్కూల్లో చేరండి, చేరకపోండి. అది మీ ఇంటి నెలసరి లెక్క. మీరూ మీవారూ ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోతుంది. వారమంతా పాఠాలు చెప్పి, శని ఆదివారాలు రిహార్సల్స్ చేసుకునే కళాకారులు ఎందరో ఉన్నారు. చివర్లో ‘చిన్న విషయం’ అని పడేశారే, ఆ నాలుగు మాటల కోసమే మీరు ఈ ఉత్తరం రాశారు.

ముందు మోకాలి సంగతి, ఎందుకంటే దాన్ని ఏడాదిగా నాన్చారు. మెట్లు దిగేటప్పుడు, కూర్చుని లేచేటప్పుడు పోటు వస్తోందంటే చాలాసార్లు అది మోకాలి చిప్ప మీద పడే ఒత్తిడి. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, పాదాలు పక్కలకు తిరగాల్సింది తుంటి దగ్గర నుంచి. తుంటి తిరిగిన దానికన్నా ఎక్కువగా పాదాలను బలవంతాన తిప్పి నిలబడితే మధ్యలో మోకాలు మెలిపడుతుంది. దానికి తోడు గచ్చు మీదా, గ్రానైట్ మీదా రోజుకు గంటలకొద్దీ అడుగులు తట్టడం. అడుగున ఖాళీ ఉన్న చెక్క నేల అదురును కొంత మింగుతుంది, రాతినేల మొత్తం కాలికే తిప్పికొడుతుంది. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, బరువు వేయగానే జారిపోతున్నట్టున్నా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. అవేవీ లేకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ ముందు కండరాలకూ, పిరుదుల కండరాలకూ వ్యాయామం మొదలుపెట్టండి. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, రెండో వారంలోనే మానేయకండి. క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ నిండు అరమండిలో ఆడి చూపించడం ఈ రోజు నుంచే ఆపండి. నిలబడి చేత్తో, నోటితో చెప్పండి. అరమండిలో కూర్చుని చూపించే పని పెద్ద పిల్లలకు అప్పగించండి.

మోకాలు బాగుపడినా, నిండుగా గంటన్నర కచేరీ ఆడే రోజులు ఇంకెన్నో లేవని మీకూ తెలుసు. ఆ తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్లు మిమ్మల్ని నిలబెట్టేది కొరియోగ్రఫీ. అదీ మీ పేరు మీద ఉంటేనే. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారి జీవితం చూడండి. మద్రాసులో మొదట వరసకు అన్న అయిన పెదసత్యం గారి దగ్గర సినిమా నృత్యాలకు సహాయకుడిగా చేశారు. 1963లో సొంతంగా కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన కూర్చిన నృత్యరూపకాలు ఇవాళ్టికీ ఆయన పేరుతోనే ఆడుతున్నారు. సహాయకుడిగానే ఉండిపోయి ఉంటే ఆ రూపకాలకు ఎవరి పేరు ఉండేదో ఆలోచించండి.

మీరు చేసేది పెద్దమ్మకు ‘సాయం’ కాదు. ఒక ముప్పావు గంట రూపకానికి ఏమేం చేస్తారో మీరే ఒకసారి కాగితం మీద పెట్టి చూసుకోండి. సాహిత్యంలో ఏ చరణం ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడం. ప్రవేశ దరువు (పాత్ర వేదిక మీదికి వచ్చే పాట) ఎన్ని ఆవర్తాలో, అంటే ఎన్ని తాళం చుట్లో, జతి (తకధిమి లాంటి అడుగుల మాటలు) ఎక్కడ పడాలో మృదంగం వాయించేవారితో కూర్చుని ఖాయం చేయడం. నాయిక చీర మార్చుకుని రావడానికి రెండు మూడు నిమిషాలు కావాలి కాబట్టి ఆ సందులో చెలికత్తెలకు ఒక ఆట ఇరికించడం. రికార్డింగ్‌లో ముక్తాయింపు (జతి చివరి ముగింపు) కాస్త పరుగెత్తినా వెనక వరసలోని చిన్నపిల్లలు తాళం తప్పుతారు, అందుకే కాలప్రమాణం మీద పట్టుబట్టి కూర్చోవడం. ఇరవై అడుగుల హాల్లో సాధన చేసిన వరసలు నలభై అడుగుల వేదిక మీద చెదిరిపోకుండా నేల మీద టేపు అతికించి ఎవరి చోటు వారికి చూపించడం. ఏ మాటకు ఏ లైటు వెలగాలో రాసివ్వడం. ఇవన్నీ చేసిన మనిషి పేరు కరపత్రంలో లేదు. మరొకరి పేరు ఉంది.

పెద్దమ్మ పేరు వేసినన్నాళ్లూ మీరు సర్దుకున్నారు. తప్పుబట్టను. గురువు నీడలో పని చేసినప్పుడు గురువు పేరు ముందుండటం మనలో ఉన్నదే. కానీ అక్క మీకు గురువు కాదు, ఆ పని చేసిందీ లేదు. ఆ పేరు వేసినప్పుడు పెద్దమ్మ గురువుగా నడుచుకోలేదు, తల్లిగా నడుచుకున్నారు. తన కూతురు ఇక్కడ నిలదొక్కుకోవాలన్న ఆరాటం ఆవిడది. అర్థం చేసుకోవచ్చు. దానికోసం మీ సొత్తు తీసివ్వడం మాత్రం అన్యాయం. అమ్మ లేని పిల్లను పెంచిన చేతికి జీవితాంతం మొక్కండి. ఆ చేయి మీ పేరు చెరిపేటప్పుడు మాత్రం ఆపండి.

చట్టం ఇక్కడ మీ వైపే ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం నాటక రచన అన్న మాటలో కొరియోగ్రఫీని కూడా చేర్చింది. షరతు ఏమిటంటే అది రాతలోనో మరో విధంగానో స్థిరపడి ఉండాలి. అడుగులు, హస్తాలు (చేతి ముద్రలు) ఎవరి సొత్తూ కావు, మీరు వాటిని కూర్చిన తీరు మీది. ఆ హక్కు బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. రిజిస్టర్ చేయిస్తేనే పుట్టే హక్కు కాదది, చేయిస్తే రుజువుకు పనికొస్తుంది. నెలజీతం మీద ఉద్యోగిగా చేసిన పనికైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు జీతమిచ్చిన వారికి పోతుంది. మీకు ముట్టింది పండగ చీర, కాబట్టి ఆ చిక్కు మీకు లేదు. కన్నడ రచయిత శివరామ కారంత్ తీర్చిదిద్దిన యక్షగాన నృత్యరూపకాల మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో వచ్చిన తీర్పు వాటిని నాటక రచనలుగానే చూసింది. మిమ్మల్ని కోర్టుకెక్కమని చెప్పడం లేదు. అడగడానికి నోరు రాకపోవడానికి కారణం అది మీ హక్కని మీరే నమ్మకపోవడం, అందుకని చెబుతున్నాను.

పెద్దమ్మతో మాట్లాడే ముందు ఒక పని పూర్తి చేయండి. ఆరు రూపకాలకూ ఆరు నోటుబుక్కులు పెట్టండి. పాట, రాగం, తాళం, ఏ ఆవర్తంలో ఎవరు ఎక్కడ, వరసల బొమ్మలు, జతులు, అన్నీ తేదీలతో. పాత రిహార్సల్ వీడియోలు, మృదంగం వారికి పంపిన వాయిస్ మెసేజ్‌లు చెరపకుండా ఒకచోట దాచి, ఒక కాపీ మీ ఈమెయిల్‌కే పంపుకోండి. చట్టం నాటక రచన నిర్వచనం నుంచి సినిమాను పక్కన పెట్టింది, దాని లెక్కలో వీడియో కూడా సినిమాయే, కాబట్టి వీడియో ఉంది కదా అని రాత మానకండి. సాహిత్యం, సంగీతం ఇంకొకరివైతే వాటి మీద హక్కు వారిదేనని కూడా గుర్తుంచుకోండి.

బయటివారు పిలిస్తే నోటిమాట మీద పని మొదలుపెట్టకండి. ఎన్ని రిహార్సల్స్, ఎన్ని ప్రదర్శనలు, మళ్లీ ఆడితే మీకెంత, మీరు లేనప్పుడు ఎవరు ఆడించాలి, కరపత్రంలో పేరు ఎక్కడ – ఇవన్నీ ఒక పేజీ మీద రాసుకుని, సగం డబ్బు ముందు పుచ్చుకోండి. కేంద్ర సాంస్కృతిక శాఖ కళాకారులకు ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ల లోపు వారికి, నెలకు 10,000 రూపాయలు, రెండేళ్ల పాటు. మీకు ఇంకా నాలుగేళ్ల గడువుంది. దరఖాస్తులో చూపించుకోవడానికి మీ పేరున్న కరపత్రం ఒక్కటైనా ఉండాలి కదా.

ఇక మాట్లాడే తీరు. మీవారిని పంపకండి, ఇది అల్లుడు అడిగే మాట కాదు. అక్క ముందు, పిల్లల ముందు వద్దు. ప్రదర్శన వారంలో అసలే వద్దు. క్లాసులు లేని రోజు పొద్దున్నే వెళ్లి, ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు కూర్చోండి. ‘నిన్ను పెంచానే’ అంటారు. అవును పెద్దమ్మా అనండి. ‘అక్కా నువ్వూ వేరా’ అంటారు. కాదు పెద్దమ్మా అనండి. వాదించకండి, పాత ఆరింటి లెక్క తీయకండి. అడగాల్సింది ఒక్కటే: వచ్చే కరపత్రంలో ‘గురువు’ అని ఆవిడ పేరు, దాని కింద ‘కొరియోగ్రఫీ’ అని మీ పేరు. అక్క నిజంగా ఏదైనా చేస్తే, ఆ చేసిన పని ఎదురుగా ఆమె పేరు. ఆ మూడు వరసలూ కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఆవిడ ఏడిస్తే ఊరుకోబెట్టండి, కాగితం మాత్రం అక్కడే ఉంచి రండి. పదిహేను రోజులు చూడండి. ఏ జవాబూ రాకపోతే ఏడో రూపకానికి పిల్లల్ని నిలబెట్టే ముందు, పేరు సంగతి తేలాకే మొదలుపెడతానని చెప్పండి. రోజూ వెళ్లే క్లాసు మాత్రం మానకండి.