యాసంగి వడ్లు నూకవుతున్నాయా? పగులు పొలంలోనే మొదలవుతుంది

ప్రశ్న: మాది మిర్యాలగూడ ప్రాంతం. బోరు కింద 4 ఎకరాల్లో తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) జనవరి మొదటి వారంలో నాటాం. ఇప్పుడు గింజ పాలు పోసుకుంటోంది. పోయిన యాసంగిలో పచ్చి వడ్లు అమ్మబోతే నూక ఎక్కువొస్తుందని మిల్లులో ధర తగ్గించారు. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి? పచ్చివే అమ్మాలా, ఆరబెట్టి కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లాలా?

జవాబు: నూక మిల్లులో బయటపడుతుంది గానీ, గింజ చాలావరకు పొలంలోనే పగులుతుంది. ఏప్రిల్ ఎండకు కంకిలోని గింజ పగలంతా ఆరి, తేమ 15 శాతం కిందికి దిగుతుంది. తెల్లవారుజామున మంచు పడితే పైపొర ఆ తడిని పీల్చుకుని ఉబ్బుతుంది, లోపలి భాగం మాత్రం ఎండిపోయే ఉంటుంది. ఆ లాగుడుకు బియ్యపు గింజ నడుమ అడ్డంగా చీలుతుంది. పొట్టు చెక్కుచెదరదు కాబట్టి పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

దీన్ని మీరే చూసుకోవచ్చు. నాలుగైదు చోట్ల కంకులు తెంపి, 50 గింజలు గోటితో జాగ్రత్తగా ఒలిచి, గాజు పలక మీద పరిచి, కింద నుంచి ఫోన్ టార్చి వెలుగు పట్టి చూడండి. పగిలిన గింజలో వెంట్రుకంత గీత అడ్డంగా మెరుస్తుంది. కోతకు వారం ముందు నుంచి రెండు రోజులకోసారి ఇలా లెక్కపెట్టండి. గీతలు పెరుగుతున్నాయంటే కోత ఆలస్యమవుతున్నట్టే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది నీరు. గింజ గట్టిపడే వరకు మడిలో 2, 3 సెంటీమీటర్ల నీరు నిలవాలి. బోరు తగ్గితే ఆరుతడి ఇవ్వండి గానీ నేల నెర్రెలు పట్టనివ్వొద్దు. ఈ దశలో బెట్టకు వస్తే గింజ సరిగా నిండక, కడుపులో సున్నంలా తెల్లగా మిగిలి, మరలో పిండిపిండి అవుతుంది. కోతకు 10 రోజుల ముందు నీరు తీసేయండి. చల్క (తేలికపాటి ఎర్ర) నేలైతే వారం చాలు. 20 రోజుల ముందే నీరు ఆపేస్తే నష్టం అక్కడే మొదలవుతుంది.

యూరియా ఇక వేయొద్దు. వేస్తే పక్క పిలకలు పచ్చిగా ఉండిపోయి, ఒకే పొలంలో పండిన గింజ, పచ్చి గింజ కలిసి వస్తాయి. మెడవిరుపు (కంకి మెడ దగ్గర విరిగే తెగులు) మందు ఈనిక ముందు కొట్టాల్సింది, పాలు పోసుకున్నాక కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు. రసం పీల్చే సుడిదోమ కోసం మాత్రం దుబ్బుల మొదళ్లు విడదీసి చూస్తుండండి.

సగం కంకులు పూతకు వచ్చిన రోజును గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి 28–30 రోజులకు కోయండి. అప్పటికి కంకిలో 80–85 శాతం గింజలు గడ్డి రంగులోకి తిరిగి ఉంటాయి, తేమ 20–24 శాతం ఉంటుంది. అడుగు గింజలు కూడా పండాలని ఆగొద్దు. వాటి కోసం ఆగిన వారంలో పై గింజలు పగులుతాయి, వడగళ్ల భయం వేరే. హార్వెస్టర్‌ను నెమ్మది గేరులో నడపమనండి, బ్లోయర్ తగ్గించనివ్వొద్దు, తగ్గిస్తే తాలు వడ్లలోనే వస్తుంది. మొదటి ట్యాంకు దించగానే దోసెడు వడ్లు తీసి చూడండి. పొట్టు ఊడిన తెల్ల బియ్యం కనిపిస్తే డ్రమ్ము వేగం తగ్గించమని అక్కడికక్కడే చెప్పండి.

ఆరబెట్టడంలోనూ తొందర పనికిరాదు. తారు రోడ్డు మీద మధ్యాహ్నం పోస్తే గింజ పైనుంచి ఒక్కసారిగా ఎండి, అక్కడ కూడా పగులుతుంది. పట్టాల మీద రెండు అంగుళాల మందంతో పరిచి, గంటకోసారి కలపండి. ఉదయం 8 నుంచి 11 వరకు ఆరబోసి, ఎండ మండే వేళ కుప్ప చేసి కప్పి, 3 దాటాక మళ్లీ పరచండి. కుప్పలో ఉన్న ఆ నాలుగు గంటల్లో లోపలి తేమ పైకి వచ్చి గింజంతా సమానమవుతుంది. రాత్రి తప్పకుండా కప్పాలి. తేమ 17 శాతానికి రాగానే ఆపేయండి, కొనుగోలు కేంద్రంలో పరిమితి అదే. 14కు ఆరితే క్వింటాలుకు మూడున్నర కిలోల బరువు పోతుంది, అంటే ఏ గ్రేడు మద్దతు ధర లెక్కన సుమారు 84 రూపాయలు.

ఇక అమ్మకం. 2025–26కు మద్దతు ధర ఏ గ్రేడుకు 2,389, సాధారణ రకానికి 2,369 రూపాయలు. తెలంగాణలో మీ సోనా లాంటి సన్న వడ్లు ప్రభుత్వ కేంద్రంలో అమ్మితే క్వింటాలుకు 500 బోనస్ ఉంది. 24 శాతం తేమ ఉన్న క్వింటాలు పచ్చి వడ్లు 17 శాతానికి ఆరితే 91.6 కిలోలు మిగులుతాయి. వాటికి ఏ గ్రేడు మద్దతు ధర ప్రకారం 2,188, బోనస్ 458, మొత్తం 2,646 రూపాయలు. దీంట్లోంచి మీకయ్యే ఆరబోత కూలి, పట్టాల కిరాయి, రవాణా తీసేయండి. మిల్లు ఇచ్చే పచ్చి ధర ఆ మిగిలినదాని కంటే ఎక్కువైతేనే కళ్లంలో అమ్మండి. 22 శాతం తేమైతే 94 కిలోలు మిగులుతాయి, లెక్క మారుతుంది. అందుకే బేరానికి ముందే తేమ కొలిపించుకోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ధాన్యం నాణ్యతా ప్రమాణాల్లో నూక శాతం లేదు. తేమ 17, మట్టి రాళ్లు 1, తాలు గడ్డి 1, రంగుమారిన, మొలకెత్తిన, పుచ్చు గింజలు 5, పచ్చి, ముడుచుకున్న గింజలు 3, తక్కువ రకం కల్తీ 6 శాతం లోపు ఉంటే చాలు. వీటికి లోబడిన వడ్లను నూక పేరు చెప్పి కేంద్రంలో ధరలో కోత పెట్టే హక్కు ఎవరికీ లేదు. కాంటా అయిన రోజే తేమ, బస్తాల సంఖ్య, బరువు రాసిన రసీదు తీసుకోండి.

వచ్చే యాసంగికి నారు నవంబరు మూడో వారానికల్లా పోయండి. చలికి పంట 10, 15 రోజులు సాగినా ఏప్రిల్ మొదటి వారానికి కోత పూర్తవుతుంది. గింజ నిండే రోజులు మార్చిలో పడతాయి.