ఫోను లేనిదే ముద్ద దిగడం లేదు

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తే మా మూడున్నరేళ్ల పాపను అత్తయ్య, మామయ్య చూసుకుంటారు. ఫోనులో బొమ్మలు పెడితే తప్ప అన్నం తినదు. గట్టిగా చెబితే అత్తయ్య నొచ్చుకుంటారు. ఇంట్లో అంతా తెలుగే కాబట్టి స్కూల్లో ఇంగ్లీషు వెనకబడుతుందేమోనని ఇంకో భయం.
– ఒక తల్లి, మియాపూర్

జవాబు: ఇంగ్లీషు బెంగ పెట్టుకోకండి. అత్తయ్యగారు రాని ఇంగ్లీషులో ‘కమ్, ఈట్’ అనేకంటే వచ్చిన తెలుగులో నిండుగా మాట్లాడటమే పాపకు లాభం.

ఇక ఫోను. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజంతా కలిపి గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తిండి దగ్గర అసలే వద్దు. కళ్లు తెర మీదుంటే కడుపు నిండిన సంగతి తెలియదు, సరిగా నమలరు, ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు. అలాగని మూడు పూటలా ఒకేసారి మానిపించబోకండి. రాత్రి భోజనంతో మొదలుపెట్టండి. అప్పటికి మీరూ ఇంట్లో ఉంటారు, ఏడుపంతా పెద్దావిడ మీద పడదు. దానికి 2 గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు బంద్. పళ్లెంలో 3, 4 చిన్న ముద్దలే పెట్టి, అడిగితే మళ్లీ వడ్డించండి. 25 నిమిషాల్లో తినకపోతే తిట్టకుండా పళ్లెం తీసేయండి.

మొదటి వారం తక్కువే తింటుంది. ‘పిల్ల ఆకలితో పడుకుంది’ అని పెద్దవాళ్ల మనసు ఆగక ఫోను మళ్లీ బయటికొచ్చేది అప్పుడే. అందుకే ఈ సంగతి అత్తయ్యగారికి మీవారితో ముందే చెప్పించండి. కోడలు చెబితే తప్పుపట్టినట్టే వినిపిస్తుంది. మీ ఫోన్లూ పక్క గదిలోనే ఉండాలి సుమా! పాప బరువు తగ్గుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

ఫోను బదులు ఏడు చేపల కథ అందుకోమనండి. మొదటి నాలుగు రోజులు కథంతా నానమ్మే చెప్పాలి. తర్వాత ‘గడ్డిమోపా గడ్డిమోపా, ఎందుకు అడ్డొచ్చావ్?’ అని ఐదారు సెకన్లు ఆగాలి. చాలామంది ఆగలేక జవాబు తామే అందించేస్తారు. ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ వరుస తప్పకుండా వస్తున్నాయంటే దేనివల్ల ఏం జరిగిందో పాపకు పట్టుబడినట్టే. ముద్ద మింగాకే ప్రశ్న అడగాలి. లేదంటే పొలమారుతుంది.

ప్రశ్న: మనవడికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. బాసరలో అక్షరాభ్యాసం చేయించాం. కాపీ పుస్తకంలో అఆలు దిద్దిస్తుంటే ఐదు నిమిషాలకే ఏడుపు.
– ఒక తాతయ్య, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ప్రస్తుతానికి కాపీ పుస్తకం మూసేయండి. వేళ్లకు పట్టు రాలేదు, అంతే. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, బఠాణీలు ఒలవడం, చపాతీ పిండి పిసకడం మీ పక్కన కూర్చుని చేయనివ్వండి. పలక మీద పెద్ద సున్నలు, అరసున్నలు, తలకట్లు అలవాటయ్యాక ర, గ రాయించండి. ‘అ’లో మెలికలెక్కువ, అది తర్వాత. రోజుకు 10 నిమిషాలు చాలు. చింతగింజలతో లెక్కలు నేర్పేటట్టయితే మీరు ఎదురుగా ఉన్నప్పుడే. ఈ వయసులో గింజలు ముక్కులోకి పోతాయి.

మీరు అడగని మాట ఒకటి. దిండు కింద, కిటికీ గట్టు మీద బీపీ, షుగర్ మాత్రలుంటే ఇవాళే అల్మారాలో పెట్టి తాళం వేయండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా పిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అనుమానం వస్తే వాంతి చేయించకండి. మాత్రల అట్ట చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.