ప్రొజెస్టెరాన్ తగ్గడం కారణమా, ఫలితమా?

ప్రశ్న: నా వయసు 29. రెండుసార్లు గర్భస్రావమైంది, మొదటిసారి ఏడో వారంలో, రెండోసారి ఎనిమిదో వారంలో. రెండోసారి రక్తస్రావం మొదలయ్యాక స్కానింగ్ చేస్తే పిండం ఆరు వారాల పరిమాణంలోనే ఉందని, గుండె కొట్టుకోవడం లేదని చెప్పారు. అదే రోజు చేసిన రక్త పరీక్షలో గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టెరాన్ 6, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 4.6 వచ్చాయి. ప్రొజెస్టెరాన్ తక్కువ కావడం వల్లే గర్భం నిలవలేదన్నారు. ముందే హార్మోన్ మాత్రలు వాడి ఉంటే దక్కేదా? మళ్లీ ప్రయత్నించేలోగా ఏ పరీక్షలు చేయించుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన వివరాల్లో అన్నిటికన్నా ఎక్కువ చెబుతున్నది ప్రొజెస్టెరాన్ అంకె కాదు, స్కానింగ్ రిపోర్టు. ఎనిమిదో వారంలో పిండం ఆరు వారాల పరిమాణంలోనే ఉండి గుండె చలనం లేదంటే, రక్తం తీసే నాటికే దాని ఎదుగుదల ఆగి కొన్ని రోజులు గడిచి ఉండాలి. తొలి వారాల్లో ప్రొజెస్టెరాన్‌ను తయారు చేసేది, అండం విడుదలైన చోట అండాశయంలో ఏర్పడే కార్పస్ లూటియం. దాన్ని పని చేయిస్తూ ఉండేది, మాయగా మారబోయే కణాల నుంచి వచ్చే హెచ్‌సీజీ హార్మోన్. ఎదుగుదల ఆగితే హెచ్‌సీజీ తగ్గుతుంది, దాని వెంటే ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. అందువల్ల మీ విషయంలో ఆ 6 గర్భం పోవడానికి కారణం అనడం కన్నా, అప్పటికే పోయిందనడానికి గుర్తు అనడమే సమంజసం. మాత్రలు వేసుకోలేదన్న బాధ మీరు పెట్టుకోనక్కర్లేదు.

అలాగని ప్రొజెస్టెరాన్ ముఖ్యం కాదని కాదు. ఏడో వారం లోపు కార్పస్ లూటియాన్ని తొలగిస్తే గర్భం నిలవదని, తొమ్మిదో వారం దాటితే ఆ బాధ్యతను మాయ తీసుకుంటుందని 1970లలోనే తేలింది. లోపాన్ని బయటి నుంచి భర్తీ చేస్తే సరిపోతుందన్న ఆశ దాని నుంచే పుట్టింది. అయితే పదేపదే గర్భస్రావమై, కారణం తెలియని 836 మందిపై జరిగిన ప్రామిస్ పరిశోధన ఫలితాలు 2015లో వెలువడినప్పుడు, ప్రొజెస్టెరాన్ వాడిన వారిలో 65.8 శాతం మందికి, ఉత్తుత్తి మందు వాడిన వారిలో 63.3 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఆ తేడాను మందు ప్రభావంగా లెక్కించలేం. తొలి నెలల్లో రక్తస్రావమైన నాలుగు వేల మందికి పైగా స్త్రీలపై జరిగి 2019లో వచ్చిన ప్రిజమ్ పరిశోధనలోనూ మొత్తం మీద స్పష్టమైన మేలు కనబడలేదు గానీ, అంతకుముందు గర్భస్రావాలు జరిగి, ఈసారి రక్తం కనిపించిన వారిలో కొంత ప్రయోజనం ఉన్నట్టు తేలింది. మీరు ఈ కోవలోకి వస్తారు. కాబట్టి ఈసారి గర్భం వచ్చాక రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యురాలిని కలిసి, ప్రొజెస్టెరాన్ విషయం అడగండి. గర్భం రాకముందు ప్రొజెస్టెరాన్‌ను ఒక్కసారి కొలిచి లోపం ఉందని తేల్చడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఈ హార్మోన్ విడతలు విడతలుగా విడుదలవుతుంది కనుక కొన్ని గంటల తేడాలోనే అంకె ఎంతో మారిపోతుంది.

నేనైతే మీ టీఎస్‌హెచ్‌కే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు ఈ అంకె పెరుగుతుంది. బిడ్డ థైరాయిడ్ గ్రంథి పని మొదలుపెట్టేదాకా, అంటే సుమారు మొదటి మూడు నెలలు, బిడ్డకు కావలసిన థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) తల్లి నుంచే అందాలి. 4.6 తీవ్రమైన లోపం కాదు, రెండు గర్భాలూ దాని వల్లే పోయాయని కూడా చెప్పలేం. అయినా ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాక్సిన్), థైరాయిడ్ యాంటీబాడీలతో (థైరాయిడ్‌పై దాడి చేసే ప్రతిరక్షకాలు) కలిపి పరీక్ష మళ్లీ చేయించండి. అవసరమైతే చిన్న మోతాదు మాత్రతో టీఎస్‌హెచ్‌ను 2.5 లోపుకు తెచ్చుకున్నాక ప్రయత్నించడం మేలు. యాంటీబాడీలు ఉన్నా హార్మోన్ మామూలుగా ఉన్నవారికి ఈ మాత్ర వల్ల గర్భస్రావాలు తగ్గలేదని కూడా 2019లోనే తేలింది.

అదుపులో లేని మధుమేహం గర్భస్రావానికి కచ్చితంగా దారి తీయగలదు, మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపు ఉండాలి. నెలసరి క్రమం తప్పుతున్నా, చనుబాలు స్రవిస్తున్నా, పాలు ఊరేలా చేసే హార్మోన్ ప్రొలాక్టిన్ చూడాలి. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉంటే బరువు, షుగరు అదుపు చేసుకోవాలి.

హార్మోన్ల దగ్గరే ఆగిపోకండి. తొలి వారాల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం, దాన్ని ఏ మాత్రా సరిచేయలేదు. రెండుసార్లు జరిగింది కనుక, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్షను పన్నెండు వారాల ఎడంతో రెండుసార్లు, గర్భాశయ ఆకృతి కోసం స్కానింగ్‌ను ఒకసారి చేయించండి. ఆ యాంటీబాడీలు ఉన్నట్టు తేలితే రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, హెపారిన్‌లతో మంచి ఫలితం ఉంటుంది.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. ఇప్పుడు నెల తప్పింది. మాత్ర ఆపేయాలా?
– మరో పాఠకురాలు

జవాబు: ఆపకూడదు. నిజానికి గర్భంలో మోతాదు సాధారణంగా 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది, కాబట్టి ఈ వారంలోనే టీఎస్‌హెచ్ చేయించి వైద్యుని కలవండి. ఐదో నెల వరకు నాలుగు వారాలకోసారి ఆ పరీక్ష అవసరం. ఐరన్, కాల్షియం మాత్రలను థైరాయిడ్ మాత్రకు కనీసం నాలుగు గంటల ఎడంతో వేసుకోండి.