ఈస్ట్ తప్పులు చేయదా?

ప్రశ్న: బేకరీ ఈస్ట్ గంటన్నరకోసారి రెట్టింపవుతుందని క్లాసులో చెప్పారు. అన్నిసార్లు డీఎన్ఏని కాపీ చేస్తుంటే తప్పులు పేరుకుపోవా? పోనీ అసలు తప్పే రాకపోతే, కొత్త పరిస్థితుల్లో ఎలా నెగ్గుకొస్తుంది?
బీఎస్సీ విద్యార్థిని, తెనాలి

జవాబు: నీ ప్రశ్నలో రెండో సగం నన్ను చాలా ఏళ్లు పట్టుకుని వదల్లేదమ్మా. ఈస్ట్ డీఎన్ఏలో సుమారు కోటీ ఇరవై లక్షల అక్షరాలుంటాయి. అదంతా తిరగరాస్తూ పోతే, దాదాపు మూడు వందల విభజనలకు ఒక్క తప్పు దొర్లుతుంది. తప్పులు ఇంత తక్కువ కావడానికి కారణాలు రెండు: రాస్తున్నప్పుడే సరిచూసుకోవడం ఒకటి, రాశాక మళ్లీ దిద్దుకోవడం ఇంకొకటి.

ఆ రెండో దిద్దుబాటు విలువ నాకు ల్యాబులో కళ్లారా తెలిసింది. కెనావనిన్ అనే విషం కలిపిన ప్లేటు మీద కోటి కణాలు పరిచాను. ఈ విషం కణంలోకి దూరేది అర్జినిన్ అనే అమైనో ఆమ్లం వెళ్లే తలుపులోంచే. ఆ తలుపు జన్యువు పాడైన కణమే బతుకుతుంది. మూడో రోజుకి పదో పన్నెండో తెల్లటి చుక్కలు, అంటే బతికిన కణాలు పెరిగి కట్టిన గుంపులు, కనిపించాయి. పక్క ప్లేటులో ఎంఎస్‌హెచ్2 అనే దిద్దే జన్యువు తీసేసిన ఈస్ట్. అక్కడ చుక్కలు లెక్కపెట్టలేక పెన్ను పక్కన పెట్టేశాను. ఒకటి గుర్తుంచుకో, విషాన్ని చూసి అవి మారలేదు. మారినవి ముందే గుంపులో ఉన్నాయి, విషం మిగతావాటిని చంపింది. పరీక్షల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు.

మరి అన్నిచోట్లా ఇంత కట్టుదిట్టమేనా? కాదు, నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. మైలుతుత్తం తెలుసుగా, సున్నంతో కలిపి ద్రాక్షతోటల్లో బోర్డో మిశ్రమంగా కొడతారు. అందులోని రాగి ఈస్ట్‌కి విషం. ఆ రాగిని పట్టి కట్టేసే ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు కప్1. చాలా ఈస్ట్ రకాల్లో ఎనిమిదో క్రోమోజోమ్ మీద దాని కాపీలు ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. అన్నీ ఒకే రకం కాబట్టి, తెగిన డీఎన్ఏని అతికేటప్పుడు జత తప్పుతుంది. ఒక కణానికి రెండు కాపీలు ఎక్కువొస్తే, ఇంకోదానికి రెండు తగ్గుతాయి. మందు కొట్టిన తోటలో మొదటిదే నిలబడుతుంది. దీనికోసం మిగతా డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా కదలక్కర్లేదు.

వేడి తగిలితే ఇంకో దారి. 2012లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 39 డిగ్రీల్లో పెంచిన ఈస్ట్‌లో, మూడో క్రోమోజోమ్ అదనంగా ఒకటి చేరినట్టు చూపించారు. అది ప్రాణం నిలబెట్టింది కానీ భారమే, వందకు పైగా జన్యువులు అవసరం లేకున్నా పనిచేస్తుంటాయి. అదే వేడిలో ఇంకా వందల తరాలు పెంచేసరికి, భారం తక్కువున్న మార్పులు కుదురుకున్నాయి, ఆ అదనపు క్రోమోజోమ్ మాయమైంది.